యాజకుడు పాళెము వెలుపలికి వెళ్లాలి: స్వస్థత కూటాలు నడిపే దైవజనులకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘ కాపరులకు, స్వస్థత కూటాలు నడిపే దైవజనులకు, సంఘ పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను ప్రభుత్వ కుష్ఠు నివారణ కార్యక్రమంలో పారామెడికల్ ఉద్యోగిగా పనిచేసి రిటైరైనవాణ్ణి, చిన్నప్పటి నుంచి సంఘంలోనే పెరిగినవాణ్ణి. ఈ రెండు కారణాల వల్ల సువార్తల్లోని స్వస్థతల మీద అయ్యగార్లు చేసే ప్రసంగాలను మిగతావారికంటే కాస్త చెవి ఒగ్గి వింటాను. వింటున్నకొద్దీ నాకు బలపడుతున్న అభిప్రాయం ఒకటుంది. సువార్తల్లో స్వస్థతకు రెండు భాగాలున్నాయి: రోగం పోవడం ఒకటి, ఆ మనిషి తనవాళ్ల మధ్యకు తిరిగి చేరడం రెండోది. మొదటిది ప్రభువు చేశాడు. రెండోదాన్ని ఎక్కువగా ఇంటివారికీ, ఊరికీ, యాజకునికీ అప్పగించాడు. మన చేతిలో లేని మొదటి భాగం కోసం పందిళ్లు వేసి, మైకులు కట్టి, మూడేసి రాత్రులు కూటాలు పెడుతున్నాం. పూర్తిగా మన చేతిలో ఉన్న రెండో భాగం మన ప్రసంగాల్లోకే రావడం లేదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం చివర్లో ఉన్న కుష్ఠరోగి సంగతే చూడండి. ‘నాకిష్టమే, నీవు శుద్ధుడవు కమ్ము’ అన్న మాట దగ్గరికి రాగానే మన ప్రసంగం ముగుస్తుంది, కీబోర్డు మొదలవుతుంది. మార్కు మాత్రం అక్కడ ఆపలేదు. యేసు అతన్ని వెంటనే పంపివేస్తూ, ఎవరితోనూ ఏమీ చెప్పవద్దని, వెళ్లి యాజకునికి కనబడి మోషే నియమించిన కానుకలు సమర్పించమని ఖండితంగా చెప్పాడు. (సాక్ష్యం వీడియో తీసి పెట్టనిదే స్వస్థత జరిగినట్టు లెక్క కట్టని ఈ రోజుల్లో ఆ మొదటి ఆజ్ఞ మనకు కొంత ఇబ్బందికరమే, అది వేరే సంగతి.) చర్మం బాగుపడిన క్షణంలోనే పని పూర్తయి ఉంటే, గలిలయ నుంచి యెరూషలేము దేవాలయం దాకా కొన్ని రోజుల కాలినడక అతనికి ఎందుకు? అతను శుద్ధుడైన సంగతి అతనికి తెలుసు, యేసుకు తెలుసు. ఊరికి తెలియాలంటే, ఊరు ఎవరి మాట నమ్ముతుందో ఆ మనిషి నోటి నుంచి రావాలి. అతను ఆ ఆజ్ఞ పాటించకుండా ఊరంతా చాటడం వల్ల యేసే పట్టణాల్లోకి బాహాటంగా వెళ్లలేక బయట అరణ్యప్రదేశాల్లో ఉండవలసి వచ్చిందని కూడా మార్కు రాశాడు.

మోషే నియమించినది ఏమిటో లేవీయకాండము 14వ అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయాన్ని ఆదివారం ఆరాధనలో చదవగా నేనెన్నడూ వినలేదు, అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. రోగి పాళెము, అంటే జనం గుడారాలు వేసుకున్న విడిది, బయట ఉంటాడు. యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లి అతన్ని చూడాలని మూడో వచనం చెబుతోంది. బాగైందని తేలితే రెండు పక్షులను, దేవదారు కర్రను, ఎర్రని నూలును, హిస్సోపు అనే మొక్కను తెప్పిస్తాడు. మంటిపాత్రలో పారే నీటి మీద ఒక పక్షిని వధింపజేసి, బతికి ఉన్న పక్షిని ఆ రక్తంలో ముంచి, రోగి మీద ఏడుసార్లు ప్రోక్షించి, ఆ పక్షిని బయలులోకి వదిలేస్తాడు. ఆ మనిషి బట్టలు ఉతుక్కుని, వెంట్రుకలన్నీ క్షౌరం చేసుకుని, స్నానం చేసి పాళెములోకి వస్తాడు కానీ ఏడు రోజులు తన గుడారంలోకి పోడు. ఎనిమిదో రోజున బలిపశువు రక్తాన్ని అతని కుడి చెవి కొనమీద, కుడి చేతి బొటనవేలిమీద, కుడి కాలి బొటనవేలిమీద పూస్తారు. అహరోనును, అతని కుమారులను యాజకులుగా ప్రతిష్ఠించినప్పుడు మోషే రక్తం పూసింది సరిగ్గా ఆ మూడు చోట్లనే. అదే గ్రంథం 8వ అధ్యాయంలో ఉంది. నిన్నటిదాకా బట్టలు చించుకుని, పై పెదవి కప్పుకుని ‘అపవిత్రుడను, అపవిత్రుడను’ అని కేకలు పెట్టిన మనిషి తిరిగి వచ్చిన రోజున ప్రధాన యాజకునికి జరిగిన మర్యాదే అతనికీ జరుగుతుంది. పేదవాడైతే మూడు గొర్రెపిల్లలకు బదులు ఒక గొర్రెపిల్ల, రెండు గువ్వలో పావురపు పిల్లలో తెస్తే చాలు. ఖర్చు భరించలేక ఎవరూ బయటే మిగిలిపోకూడదన్న ఆలోచన అందులో ఉంది. వెలి పెట్టడానికి 13వ అధ్యాయాన్ని వాడుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. తిరిగి చేర్చుకునే ఈ 14వ అధ్యాయం మాత్రం అందరికీ గుర్తుండదు.

వృత్తి అనుభవం మీద ఒక మాట చెప్పనివ్వండి. 13వ అధ్యాయంలోని లక్షణాలు, అంటే మచ్చలో వెంట్రుకలు తెల్లబడటం, మచ్చ చర్మంకంటే పల్లంగా కనబడటం, ఏడు రోజుల తేడాలోనే అది వ్యాపించడం, నేను చూసిన కుష్ఠుకు సరిపోవు. మేము మొట్టమొదట వెతికేది మచ్చలో స్పర్శ పోయిందా అని. ఆ లక్షణం ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. పైగా అదే పొడ (ఆ రోగానికి లేఖనం వాడిన మాట) బట్టలకూ, తోలుకూ, ఇంటి గోడలకూ వస్తుందని ఆ భాగాల్లోనే ఉంది. ఒళ్లంతా తెల్లబడిపోతే ఆ మనిషి శుద్ధుడేనని కూడా ఉంది. అంటుకుంటుందన్న భయమే ఆ నియమానికి మూలమైతే ఈ చివరి మాటకు అర్థమే ఉండదు. మనకు తెలిసిన కుష్ఠు మొదటి శతాబ్దంలో ఆ దేశంలో లేదని నేననడం లేదు. యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయలోని ఒక సమాధిలో దొరికిన, క్రీస్తుశకం మొదటి యాభై ఏళ్ల కాలానికి చెందిన ఒక మనిషి అవశేషాల్లో ఆ సూక్ష్మజీవి డీఎన్‌ఏ ఉన్నట్టు 2009లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. అయినా సువార్తల్లో కుష్ఠరోగులుగా పేర్కొన్నవారందరిదీ ఆ రోగమేనని చెప్పడానికి ఆధారం లేదు. 1873లో హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవి వల్ల వచ్చి, ఆరు నెలల్లోనో ఏడాదిలోనో మాత్రలతో నయమయ్యే రోగాన్ని పట్టుకుని, వేదిక మీద ఒక మనిషిని నిలబెట్టి ‘లేఖనాల్లో చెప్పిన శాపం ఇదే’ అనడం వైద్యం దృష్ట్యా తప్పు, లేఖనం దృష్ట్యానూ తప్పు.

దీనికి తోడు, అపవిత్రత అన్న మాట వినబడగానే పాపం అనుకోవడం మనకు అలవాటైపోయింది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం బిడ్డను కన్న తల్లి అపవిత్రురాలు: కొడుకు పుడితే 40 రోజులు, కూతురు పుడితే 80 రోజులు. శుద్ధీకరణ దినాలు ముగిశాక మరియ, యోసేపు దేవాలయానికి వెళ్లి పేదలు ఇచ్చే పక్షుల జతనే అర్పించారని లూకా 2వ అధ్యాయంలో ఉంది. యేసును కనడం మరియ చేసిన పాపమని మనలో ఎవరైనా అంటారా? శవాన్ని ముట్టినవాడు ఏడు రోజులు అపవిత్రుడు, కానీ కన్నవారిని పాతిపెట్టడం కొడుకు ధర్మం. అంటే అది చాలావరకు మనిషి బతుకులో తప్పించుకోలేని స్థితి; దేవాలయంలోకి వెళ్లడానికి తాత్కాలికమైన అడ్డు. కొంత గడువు, నీళ్లు, కొన్నిటికి బలి, అంతటితో పోతుంది. కానా పెండ్లి ఇంట్లో ఉన్న ఆరు రాతిబానలు ఈ శుద్ధి కోసమేనని యోహానే చెప్పాడు. రాతికి అపవిత్రత పట్టదని వాళ్ల నమ్మకం. గలిలయలోనూ యూదయలోనూ తవ్విన చోటల్లా ఆ కాలపు సుద్దరాతి పాత్రలు, మెట్లు దిగి మునిగే శుద్ధి గుంటలు బయటపడుతున్నాయి. మామూలు జనం ఇష్టంగా, ఇంటి పనుల్లో భాగంగా పాటించిన జీవనపద్ధతి అది.

అందువల్ల ‘యూదులు రాతిగుండెవాళ్లు, రోగులను తరిమికొట్టేవాళ్లు, యేసు వచ్చి ఆ ధర్మశాస్త్రాన్ని పక్కన పడేశాడు’ అని సండే స్కూల్లో పిల్లలకు చెప్పే కథను దయచేసి ఆపించండి. ధర్మశాస్త్రాన్ని పక్కన పడేయదలచినవాడు బాగైన మనిషిని యాజకుని దగ్గరికి పంపడు. రక్తస్రావం గల స్త్రీ ముట్టుకున్నది ఆయన వస్త్రపు చెంగునని మత్తయి, లూకా రాశారు. సంఖ్యాకాండము 15వ అధ్యాయం కట్టుకొమ్మని చెప్పిన కుచ్చులు ఉండేది ఆ చెంగుకే. అలాగని ఆనాడు వెలి లేదని కాదు. పదిమంది కుష్ఠరోగులు దూరంగా నిలిచే కేక వేశారు. షోమ్రోను పట్టణపు గుమ్మం బయట నలుగురు కుష్ఠరోగులు ఆకలితో కూర్చున్న సంగతి రెండవ రాజుల గ్రంథంలో ఉంది. మృతసముద్రం దగ్గర గుహల్లో దొరికిన దేవాలయపు చుట్టలో కుష్ఠరోగులకు పట్టణానికి తూర్పున వేరే చోటు ఏర్పాటు చేయాలని ఉంది. బేతనియ కూడా యెరూషలేముకు తూర్పునే ఉంది. అక్కడ కుష్ఠరోగియైన సీమోను ఇంట యేసు భోజనానికి కూర్చున్నాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని కొందరు పండితుల ఊహ. అది ఊహే అయినా, ఆ భోజనం మాత్రం మార్కు 14లో రాసి ఉన్నది.

రక్తస్రావం గల స్త్రీ సంగతిలో ఈ రెండో భాగం ఇంకా స్పష్టంగా ఉంది. ఆమె పన్నెండేళ్లు బాధపడింది, వైద్యుల చేతుల్లో ఉన్నదంతా పోగొట్టుకుంది, జనంలో వెనకనుంచి వచ్చి వస్త్రం ముట్టగానే రక్తం కట్టింది. రోగం పోయేసరికి ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. అక్కడితో వదిలేయవచ్చు. పైగా సమాజమందిరపు అధికారి యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, ఒక్కొక్క నిమిషం విలువైనది. అయినా యేసు అంత పెద్దమనిషిని దారిలో నిలబెట్టి, నన్ను ముట్టినదెవరని అడిగి, ఆమె వణుకుతూ తన సంగతంతా చెప్పేవరకు ఆగి, అందరూ వింటుండగా ‘కుమారీ’ అని పిలిచాడు. బాగైన మనిషి కోసం అంతసేపు ఆగడానికి నాకు ఒక్కటే కారణం తోస్తోంది: ఆమె బాగైందని జనం కూడా తెలుసుకోవాలి, ఇంటికి సమాధానంతో వెళ్లనివ్వాలి. ఇంకొకటి గమనించండి. ఆమె ముట్టుకున్నందుకు ఆ కథలో ఒక్కరు కూడా నింద వేయలేదు, యేసు వెళ్లి స్నానం చేసినట్టూ లేదు. నింద అంతా మన ప్రసంగాల్లోనే ఉంది.

ఈ కథను ఎంతో భావోద్వేగంతో చెప్పే సంఘాల్లోనే నెలసరి రోజుల్లో స్త్రీలు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) దగ్గరికి రాకుండా వెనక బెంచీలో ఉండిపోవడం చూశాను. ఎవరూ నోటితో ఆపరు, ఎవరూ రమ్మని కూడా చెప్పరు. మన ఊళ్లలో ముట్టు పేరుతో తరతరాలుగా ఉన్న ఆచారం చెప్పులు బయట విడిచి మందిరంలోకి నడిచి వచ్చింది. లేవీయకాండము 15ను దానికి ఆధారంగా చూపడం తర్వాత వెతుక్కున్న సమర్థన. దేవాలయమే లేనప్పుడు, బలులే లేనప్పుడు, ఆ ఒక్క నియమాన్ని ఆడవాళ్ల మీద మిగిల్చి ఉంచే అధికారం మనకెవరిచ్చారో అమ్మగార్లయినా ఒకసారి అయ్యగార్లను అడగాలి.

‘పాపానికీ రోగానికీ సంబంధమే లేదంటావా?’ అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీకి, రాజైన ఉజ్జియాకు కుష్ఠు శిక్షగా వచ్చినట్టు లేఖనాల్లో ఉంది. పక్షవాయువు గలవానితో యేసు మొదట మాట్లాడింది పాపక్షమాపణ గురించే. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లు పడి ఉన్నవానితో, ఇకను పాపం చేయవద్దని ఆయనే హెచ్చరించాడు. వీటిని నేను దాచడం లేదు. కానీ ఒక మనిషి రోగాన్ని చూసి అతని పాపాన్ని ఊహించవచ్చా అన్న ప్రశ్నను శిష్యులు నేరుగా అడిగినప్పుడు, ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అని ఆయన నేరుగానే జవాబిచ్చాడు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతా యెరూషలేమువారికంటే పాపులు కారని లూకా 13లో ఇంకోసారి చెప్పాడు. అన్నీ తెలిసినవాడు ఒక మనిషితో అన్న మాట వేరు, ఏమీ తెలియని మనం మైకులో జనమందరి ఎదుట ఒకరిని ‘ఏ పాపం దాచావు?’ అని అడగడం వేరు. యోహాను 9లోని ఆ గుడ్డివాడికి చూపు వచ్చాక జరిగింది కూడా చదవండి. కన్నవారు భయపడి తప్పుకున్నారు, పెద్దలు ‘పుట్టుకతోనే పాపివి’ అని తిట్టి వెలివేశారు. మొదటి భాగం జరిగింది, రెండోది జరగలేదు. అతన్ని వెలివేశారని విని యేసే వెతుక్కుంటూ వెళ్లాడు. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య బతికిన మనిషి బాగుపడి నీ వెంట వస్తానంటే ఆయన ఒప్పుకోలేదు, నీ ఇంటికి, నీ వాళ్ల దగ్గరికి వెళ్లమన్నాడు.

ఇప్పుడు నేను కళ్లారా చూసిన ఒక బల్ల సంగతి చెబుతాను. సంఘం పేరు, ఊరి పేరు అనవసరం. కుష్ఠుకు మందులు పూర్తిగా వాడి నయమైన ఒక సోదరి అక్కడ ఉండేది. నరం దెబ్బతినడం వల్ల ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోయాయి. అది రోగం కాదు, రోగం మిగిల్చిన గుర్తు. సంఘ పెద్ద రొట్టె పళ్లెంతో వరుసగా వస్తూ అందరికీ పళ్లెం చాచాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి ముక్కను తానే తీసి, జానెడు ఎత్తు నుంచి ఆమె అరచేతిలోకి జారవిడిచాడు. ద్రాక్షరసం చిన్న గ్లాసును చేతికివ్వకుండా బెంచీ చివర పెట్టాడు. ఆరాధన అయ్యాక ఆ ఒక్క గ్లాసును కాగితంలో చుట్టి వేరే తీసుకుపోయారు. ముందు రోజు రాత్రి కూటంలో అందరూ చూస్తుండగా ఆమె తల మీద చేతులుంచి ప్రార్థన చేసిన సంఘమే అది.

రోగుల జాబితా నుంచి ఆమె పేరు తీసేసింది నేనే. మాత్రల కోర్సు పూర్తయిందని రిజిస్టరులో రాసి సంతకం పెట్టడంతో మా ఉద్యోగం అయిపోతుంది. ఆ రిజిస్టరును ఊళ్లో ఎవరూ చదవరు. పైగా క్లోఫాజిమిన్ అనే మాత్ర వాడినంతకాలం చర్మం నల్లబడుతుంది, నయమవుతున్న మనిషిని చూసి రోగం ముదిరిందనుకుంటారు. మందు మొదలుపెట్టిన కొద్ది మోతాదులకే ఇతరులకు అంటుకునే అవకాశం పోతుందని మేము చెబితే తల ఊపుతారు, మంచం మాత్రం పశువుల పాకలోనే ఉంటుంది. నాలుగు మాటల్లో దాన్ని మార్చగల మనిషి ఊళ్లో ఒక్కరే ఉంటారు, ఆదివారం ప్రసంగపీఠం మీద నిలబడేవారు. యాజకుడు చేయవలసిన ఆ రెండో పనికి ప్రభుత్వం దగ్గర పోస్టు లేదు.

జానెడు ఎత్తు నుంచి జారవిడవడం మన సంఘాలకు కొత్త సంగతేమీ కాదు. 1878లో ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు వారిలో ఎక్కువమంది మాదిగలు. ఈనాటి మన విశ్వాసుల్లో అత్యధికులు ఊరి వెలుపల ఉంచిన పల్లెల నుంచి, గూడేల నుంచి వచ్చినవారి పిల్లలు. బావి గట్టు మీది వాళ్లు ఎత్తు నుంచి పోస్తే దోసిట పట్టి తాగిన తాతల కథలు విన్నవాళ్లం. అదే చేతికదలికను ప్రభువు బల్ల దగ్గర మనవాళ్లే మరొకరి మీద ప్రయోగించడం చూసినప్పుడు నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువ కలిగింది.

మన చట్టం సంగతీ చెప్పాలి. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, 2001 సవరణ తర్వాత, నయం కాని తీవ్రమైన కుష్ఠు రెండేళ్లుగా ఉండటం విడాకులకు ఒక కారణంగా చేరింది. కుష్ఠును నయం చేసే ఈ మాత్రల కోర్సును (బహుళ ఔషధ చికిత్స) ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన 1981కి ఇరవై ఏళ్ల తర్వాత చేర్చిన మాట అది. హిందూ వివాహ చట్టం వంటి మరికొన్ని చట్టాలతో పాటు మన చట్టంలోనూ ఆ కారణాన్ని 2019లో పార్లమెంటు తొలగించింది. తొలగించమని మన సంఘాల నుంచి గట్టిగా అడిగిన గొంతు నాకైతే వినబడలేదు. మన పూర్వ చరిత్ర ఇంత మౌనంగా లేదు. 1915లో డిచ్‌పల్లిలో మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పినప్పుడు రోగాన్ని పూర్తిగా నయం చేసే మందే లేదు. దానికి పెద్ద విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. కూటంలో ప్రార్థన చేయండి, ఎవరూ కాదనరు. కానీ మాత్రలు ఆపమని, ఆపినా పరవాలేదని ఏ రోగికీ చెప్పవద్దు. స్వస్థత వచ్చేసిందని మాత్రలు మానేసి, వేళ్లు ముడుచుకుపోయాక మా దగ్గరికి తిరిగి వచ్చినవాళ్లకు నేను సమాధానం చెప్పలేకపోయాను. బాగుకానివారితో ‘నీ విశ్వాసం చాలలేదు’ అనవద్దు. పక్షవాయువు గలవాని విషయంలో యేసు చూసింది పైకప్పు విప్పి దించిన నలుగురి విశ్వాసాన్ని కూడా. బల్ల దగ్గర పళ్లెం, గ్లాసు అందరికీ ఒకే విధంగా అందాలని సంఘ కమిటీలో తీర్మానం రాయించండి. ఆడవాళ్లు ఏ రోజైనా బల్ల దగ్గరికి రావచ్చని ప్రసంగపీఠం మీద నుంచే ప్రకటించండి. ఇవి చేస్తే కొందరు అలుగుతారు, కొందరు సంఘం మారతారని కూడా తెలుసు. మోషే అక్క మిర్యాము కుష్ఠుతో ఏడు రోజులు పాళెము బయట ఉన్నప్పుడు, ఆమె తిరిగి లోపల చేరేవరకు జనమంతా ప్రయాణం ఆపి అక్కడే ఉన్నారని సంఖ్యాకాండము 12లో ఉంది. ఆమెకు వచ్చింది శిక్షేనని ఆ అధ్యాయమే చెబుతోంది, అయినా ఆగారు.

ప్రపంచ కుష్ఠు దినం ఏటా జనవరి చివరి ఆదివారమే వస్తుంది కాబట్టి వేరే రోజు వెతకనక్కరలేదు. ప్రపంచంలో ఏటా కొత్తగా నమోదవుతున్న కుష్ఠు కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. ఆ ఆదివారం మార్కు 1, లేవీయకాండము 14 కలిపి చదివించండి. మీ ప్రాంతంలో కుష్ఠు కాలనీ ఉంటే అక్కడివారిని పిలవడానికి మనుషులను పంపకుండా అయ్యగార్లే వెళ్లండి. ఆరాధన తర్వాత ఒక అరగంట ఇస్తే, స్పర్శ లేని మచ్చను ఎలా గుర్తించాలో, మాత్రలు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారో, పాదాలకు పుండ్లు పడకుండా ఎలా చూసుకోవాలో సంఘానికి చూపించడానికి నేను వస్తాను. దారి ఖర్చులు నావే.

ఇట్లు,
మీ సంఘాల్లో ఒక సభ్యుడు, విశ్రాంత పారామెడికల్ ఉద్యోగి